‘మగ్గం వర్క్’లో మగ్గం ఎక్కడిది?

నెల్లూరు చిన్నబజారులో రవికలు కుట్టే అంగళ్ల ముందు ‘ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును’ అన్న బోర్డులు చూసి, మగ్గం మీద జరిగేది నేతే గాని కుట్టుపని కాదనీ, కనుక ఆ మాట తప్పనీ ఒక మిత్రులు ఈ చర్చలో వ్రాశారు. బ్రౌను నిఘంటువు కూడా మగ్గానికి నేతసాధనమనే అర్థమే ఇస్తుంది. అయినా ఆ మాటను తోసివేయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆ పని జరిగే తీరు గమనించండి. మంచపు కోళ్లవంటి కాళ్లమీద నిలిపిన కొయ్య చట్రానికి గుడ్డను నలువైపులా దారంతో బిగించి కట్టి, దాని ముందు నేలమీద కూర్చుని, ఆరీ అనే కొక్కెపు సూదిని పైనుంచి గుచ్చి, అడుగున రెండో చేయి అందించిన దారాన్ని ఉచ్చులాగా పైకి లాగి, ఆ ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును తీస్తూ గొలుసుకుట్టు వేసుకుపోతారు. బిగించిన బట్ట, కొయ్య చట్రం, దాని ముందు గంటల తరబడి వంగి కూర్చున్న మనిషి కంటపడితే, నేత ఊళ్ల నడుమ పెరిగిన మనవారి నోట మగ్గమనే మాట రావడం సహజమని నా అభిప్రాయం. పారశీకంలోనూ ఇదే జరిగింది: ‘కార్’ అంటే పని, ‘చోబ్’ అంటే కొయ్య, ఆ చట్రం కార్చోబ్, దానిమీద వేసే జరీ కుట్టు కార్చోబీ. ఈ కొక్కెపు కుట్టు 18వ శతాబ్దంలో ఐరోపాలో వ్యాపించినప్పుడు, ఫ్రెంచివారు దాని గుండ్రటి చట్రాన్ని చూసి ‘తాంబూర్’, అంటే డోలు, అని పేరుపెట్టారు.

ఆరీ కథ మరీ పాతది. అమరకోశం ‘ఆరా చర్మప్రభేదికా’ అంటుంది. అది తోలును పొడిచే పనిముట్టు. గుజరాత్‌లో తోలుపని చేసే మోచీల చేతినుంచే ఈ కొక్కెం బట్టమీదికి వచ్చిందని చెబుతారు. 13వ శతాబ్దపు మార్కోపోలో, గుజరాత్‌లో వెండి బంగారు తీగలతో కుట్టిన తోలు చాపలను మెచ్చుకున్నాడు. పాత ప్రకాశం జిల్లా తీరానున్న మోటుపల్లి దగ్గరకు వచ్చేసరికి సాలెగూడువంటి సన్నని నేతను మెచ్చుకున్నాడు. ఒకే యాత్రికుని కంటికి ఆ తీరాన కుట్టు, ఈ తీరాన నేత ఆనాయి.

నా పట్టింపు వేరొకచోట ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా వెంకటగిరి జాందానీ చీరలో పువ్వు నిజంగా మగ్గం మీదే, నేసేటప్పుడే, అదనపు పేక దారాన్ని, అంటే అడ్డదారాన్ని, చేత్తో చొప్పించగా పుడుతుంది. అక్కడ సూది గుచ్చిన జాడ ఉండదు. ఆ చీరను చూపి ‘మగ్గం వర్క్ బాగుంది’ అన్నప్పుడు నేతగాని రోజుల శ్రమంతా కుట్టుపని లెక్కలో కలిసిపోతుంది. బోర్డుమీది మాటను అలాగే ఉండనిచ్చి, మనం మాత్రం నేతపువ్వు, కుట్టుపువ్వు అని విడివిడిగా అందాం. కందుకూరు, కనిగిరి వైపు పెద్దవారు కుట్టుపువ్వుకు వేరే మాట వాడుతూంటే, తెలిసినవారు దయచేసి ఇక్కడ వ్రాయగలరు.