కాలిపోయిన జాయింటు ఫోటో కాన్ఫరెన్సులో చూపించాలా, వద్దా?

హెబ్బాళ కేబుల్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. వచ్చే నెల బెంగళూరులో జరిగే కేబుల్ ఇంజనీరింగ్ కాన్ఫరెన్సులో మా టీమ్ పేపర్‌కి పదిహేను నిమిషాలు ఇచ్చారు. విషయం 11 కేవీ (11 వేల వోల్టుల) కేబుల్ జాయింట్లు, అంటే రెండు కేబుల్ ముక్కల్ని కలిపే అతుకులు. ఒక లేఔట్‌లో వేసిన ఏడాదిలోపే పోయిన జాయింటును మేం కోసి చూశాం. పైన ఉండే సెమీకాన్ (కొంతమేర కరెంటు పారే నల్లటి) పొర తీసేటప్పుడు కత్తి లోతుకు దిగి, ఎక్స్‌ఎల్‌పీఈ (క్రాస్‌లింక్ చేసిన పాలిథిలిన్) ఇన్సులేషన్ మీద చుట్టూ సన్నటి గాటు పడింది. ఆ గాటులో గాలి చిక్కుకుంది. అక్కడే పార్షియల్ డిశ్చార్జ్ (పీడీ, అంటే ఇన్సులేషన్ లోపల పుట్టే చిన్నచిన్న రవ్వలు) మొదలై, నల్లగా కొమ్మలు వేసుకుంటూ కండక్టర్ దాకా పాకింది. ఫోటోలో అంతా స్పష్టంగా కనబడుతోంది. మా పైవాళ్లు మాత్రం ఆ స్లైడ్లు తీసేసి, జాయింటింగ్ కిట్ (జాయింటు వేసే సామాను) కంపెనీ ఇచ్చిన బొమ్మలతో "సరైన జాయింటింగ్ పద్ధతి" చెప్పి వచ్చేయమంటున్నారు.

చూపించాల్సిందేనని నా వాదన. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం ఊళ్లో 11 కేవీ ఓవర్‌హెడ్ లైన్లను భూమిలోకి మారుస్తూ వస్తోంది. అంటే వీధివీధికీ జాయింట్లే. ఈ గాటు మెగ్గర్‌కి (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్‌కి) దొరకదు. ఐదు కేవీ పెట్టినా రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, లైను ఛార్జ్ చేసేస్తారు, కొన్ని నెలలకు రోడ్డు తవ్వాల్సి వస్తుంది. ఇది తెలిసిన మనమే నోరు మూసుకుంటే పక్క డివిజన్ వాళ్లకు ఎవరు చెబుతారు?

ఫ్యాక్టరీ క్యూఏ

అన్నా, నేను కేబుల్ ఫ్యాక్టరీలో నాణ్యత (క్యూఏ) చూస్తాను. మీ ఉద్దేశం మంచిదే. నేను మాత్రం వద్దంటాను. షీత్ (కేబుల్ పై తొడుగు) మీద కంపెనీ పేరు, తయారైన సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది కత్తిరించినా, ట్యూబు ఆకారం చూసి కిట్ ఎవరిదో హాల్లో సగం మంది పట్టేస్తారు. మీరు స్టేజి దిగేలోపు ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది.

మా దగ్గర కేబుల్ డ్రమ్ము గేటు దాటాలంటే రొటీన్ టెస్ట్ పాసవ్వాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60502-2 ప్రకారమైతే కేబుల్ ఫేజ్ వోల్టేజీకి 3.5 రెట్లు పెట్టి ఐదు నిమిషాలు నిలబెడతాం. 1.73 రెట్ల దగ్గర డిశ్చార్జ్ కనబడకూడదు. ఇదేదీ ఫోటోలో ఉండదు. తప్పు జాయింటింగ్‌లో జరిగినా, బయటికి మాత్రం "ఫలానా వాళ్ల కేబుల్ పోయిందట" అనే మాటే వెళ్తుంది. పైగా వారంటీ గొడవ నడుస్తుంటే మీ స్లైడు రేపు సాక్ష్యంగా మారుతుంది.

బెజవాడ టెస్టింగ్

నేను ల్యాబ్ వైపు ఉంటాను. ఇద్దరి మాటలోనూ నాకు ఒక్కో అభ్యంతరం ఉంది.

క్యూఏ గారూ, పేరు బయటపడుతుందని విషయమే దాచేస్తే, అదే తప్పు ఇంకో ఊళ్లో ఇంకో కేబుల్ మీద జరుగుతూనే ఉంటుంది. అప్పుడు నష్టం మీ పరిశ్రమకే.

హెబ్బాళ గారూ, మీ ఫోటోలో పక్కన స్కేలు పెట్టారా? దగ్గర నుంచి తీస్తే అర మిల్లీమీటర్ గాటు కూడా కాలువలా కనబడుతుంది. 11 కేవీ కేబుల్‌లో ఇన్సులేషన్ మందమే మూడున్నర మిల్లీమీటర్లు అటూఇటూగా ఉంటుంది కాబట్టి అర మిల్లీమీటర్ అంటే చిన్న విషయం కాదు. ఆ సంగతి అంకెతో చెప్పండి, ఫోటోతో భయపెట్టకండి. ఇంకోటి, సైట్‌లో కొలిచిన పీడీ విలువ పెడుతుంటే ఆ రోజు బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ ఎంత, కాలిబ్రేషన్ ఎన్ని పికోకూలంబులతో (పీడీ కొలిచే యూనిట్) చేశారు అన్నది అదే స్లైడులో ఉండాలి. అది లేని అంకెను నేనైతే నమ్మను. ఒక్క జాయింటు చూసి "ఈ రకం జాయింట్లన్నీ ఇంతే" అనే వాక్యం ఎక్కడైనా ఉంటే తీసేయండి.

ల్యాబ్ రిపోర్టు టెస్ట్ చేయించుకున్నవాళ్లది. వాళ్ల అనుమతి కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో చెప్పారంటే సరిపోదు.

చెన్నై భూగర్భం

పోయిన కేబుల్ గురించి మాట్లాడటం కొత్తేమీ కాదు. అమెరికాలో 1960, 70లలో జాకెట్ (పై తొడుగు) లేకుండా భూమిలో వేసిన పాలిథిలిన్, ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లు వాటర్ ట్రీల (తేమ వల్ల ఇన్సులేషన్‌లో చెట్టు కొమ్మల్లా పెరిగే లోపాల) వల్ల అనుకున్నదానికన్నా చాలా ముందే పోయాయి. ఆ ముక్కల్ని పలచటి పొరలుగా కోసి, రంగులో నానబెట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టి నలుగురికీ చూపించబట్టే కదా తర్వాత జాకెట్లు, వాటర్ ట్రీలను తట్టుకునే ఇన్సులేషన్ వచ్చాయి. 1998లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం నడిబొడ్డుకు కరెంటు ఇచ్చే నాలుగు 110 కేవీ కేబుళ్లూ వరసగా పోయి, ఐదు వారాలు అవస్థ పడ్డారు. ఆ విచారణ నివేదికను ప్రభుత్వం బయటపెట్టింది. కేబుల్ చుట్టూ మట్టి ఎండిపోతే వేడి బయటికి పోదని క్లాసులో విన్నవాళ్లకు కూడా అది ఎంత దూరం తీసుకెళ్తుందో ఆ ఘటనతోనే అర్థమైంది.

పేర్లు లేకుండా చెప్పే దారి కూడా ఉంది. అంతర్జాతీయ విద్యుత్ నిపుణుల సంస్థ సిగ్రే వాళ్లు 2009లో తెచ్చిన టెక్నికల్ బ్రోషర్ 379 నిండా హైవోల్టేజ్ కేబుళ్ల ఫెయిల్యూర్ లెక్కలే. ఎవరి కేబుల్ అని వేలెత్తి చూపకుండానే జాయింట్లు ఎంత, టెర్మినేషన్లు (కేబుల్ చివరి కనెక్షన్లు) ఎంత అని చెప్పారు.

మొదటి పేపర్

హెబ్బాళ సార్ టీమ్‌లో స్టేజి ఎక్కేది నేనే. అందరి ముందు ఎవరైనా లేచి "ఆ కేబుల్ ఎవరిది?" అంటే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

చెన్నై భూగర్భం

అమ్మా, మొదటి స్లైడు దగ్గరే చెప్పేయి: "పేర్లు చెప్పను, కొలతలు ఏవైనా అడగండి" అని. అప్పుడా ప్రశ్నకు పదును పోతుంది. అడుగుతారనుకున్న గ్రాఫులు చివర విడిగా పెట్టుకో. కొలవనిది అడిగితే "అది కొలవలేదు" అను, ఊహించి చెప్పకు.

జాయింటర్ల సూపర్‌వైజర్, కడప

ఇంతసేపూ కంపెనీ పరువు గురించే మాట్లాడుతున్నారు. ఆ ఫోటో తెర మీద పడగానే హాలంతా ఎవర్ని తిట్టుకుంటుందో ఆలోచించారా? జాయింటర్‌నే. నేను రోజూ వాళ్లతోనే ఉంటాను. రాత్రి ట్రాఫిక్ తగ్గాక గుంతలోకి దిగుతారు. అడుగున నీళ్లు, పైన ఒకే లైటు. తెల్లారేలోపు రోడ్డు మూయాలని పోలీసుల ఒత్తిడి. సెమీకాన్ గీయడానికి లోతు సెట్ చేసుకునే స్కోరింగ్ టూల్ కావాలి. అది ఉంటే ఇన్సులేషన్‌కి గాటు పడదు. దాన్ని కొనివ్వకుండా మామూలు కత్తి చేతికిచ్చి, చెయ్యి కొంచెం బరువు పడితే "పనిమంతుడు కాదు" అంటారు.

ద్రావకంతో తుడవడం కూడా అంతే. ఇన్సులేషన్ వైపు నుంచి సెమీకాన్ వైపే తుడవాలి. వెనక్కి లాగితే నల్లటి కార్బన్ ఇన్సులేషన్ మీదకు వచ్చేస్తుంది. ఈ విషయం చాలామంది కుర్రాళ్లకు ఎవరూ చేసి చూపించలేదు. కిట్‌లో కాగితం ఉంటుంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో.

కాబట్టి ఫోటో చూపిస్తే గుంతనూ చూపించండి. ఏ టూల్ ఇచ్చారు, ఎంత టైమిచ్చారు, ట్రైనింగ్ ఉందా. ఇవి లేకపోతే ఆ స్లైడ్లు నాకూ వద్దు.

హెబ్బాళ కేబుల్స్

కడప అన్న చెప్పింది న్యాయం. ఆ జాయింటు చేసినప్పుడు స్కోరింగ్ టూల్ సైట్‌లో లేదని మా రికార్డులోనే ఉంది. అది ఫోటోకన్నా ముందు స్లైడులో వస్తుంది. స్కేలుతో ఫోటో మళ్లీ తీయిస్తాం, ముక్క మా దగ్గరే ఉంది. అనుమతి కోసం ఈరోజే మెయిల్ పెట్టాను.

ఫ్యాక్టరీ క్యూఏ

అనుమతి వస్తే నాకు పేచీ లేదు. రాకపోతే మాత్రం పేర్లు తీసేశాం కదా అని చూపించకండి. వారంటీ క్లెయిమ్ తేలని కేసు స్టేజి ఎక్కకూడదు, ఆ మాట మీద నేను మారను.

బెజవాడ టెస్టింగ్

అనుమతి రాకపోతే ఇంకో దారి ఉంది. కొత్త కేబుల్ ముక్కల మీద కావాలనే అదే లోతు గాటు పెట్టి కొన్ని, టూల్‌తో శుభ్రంగా చేసినవి కొన్ని, ఒకే జాయింటర్‌తో చేయించండి. రెండు రకాలకూ ఒకే వోల్టేజీ దగ్గర పీడీ కొలవండి. అది ఎవరి వారంటీకీ సంబంధం లేని డేటా, పైగా ఒక్క ఫోటోకన్నా బలమైనది. ల్యాబ్ స్లాట్ ఈ వారమే అడగండి, కాన్ఫరెన్సుల ముందు దొరకడం కష్టం.