వాట్సాప్‌ల ఏ చీర లింక్ పెట్టినా షాపు లోగోనే వస్తున్నది

పాలమూరు డెవ్:
గద్వాల, నారాయణపేట చీరలకు వెబ్ యాప్ కడుతున్న. వీట్, రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ పనిముట్లు, స్టాటిక్ హోస్టింగ్ (తయారుగ ఉన్న ఫైళ్లనే ఇచ్చే సర్వర్). చీరకో పేజీ, మొత్తం 140. రియాక్ట్ హెల్మెట్‌తో ప్రతి పేజీల ఓజీ టైటిల్, ఓజీ ఇమేజ్ ట్యాగులు (లింక్ పంపితే ప్రివ్యూల వచ్చే పేరు, బొమ్మ) మారుస్తున్న. క్రోమ్ ఇన్‌స్పెక్ట్‌ల ట్యాగులు సరిగనే ఉన్నయి. వాట్సాప్‌ల మాత్రం ఏ లింక్‌కైనా లోగో, హోమ్ పేజీ టైటిలే. ఎక్కడ తప్పుతున్నది?

నీలగిరి:
ఇన్‌స్పెక్ట్‌ల కనబడేది జావాస్క్రిప్ట్ నడిచినంక తయారైన పేజీ అన్నా. వాట్సాప్, ఫేస్‌బుక్ జావాస్క్రిప్ట్ నడపవు, సర్వర్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్ చదివి పోతయి. వ్యూ పేజ్ సోర్స్ తెరిచి చూడు, 140 అడ్రసులకూ ఒక్కటే ఇండెక్స్ ఫైల్ పోతుంటది. హెల్మెట్ ఎంత మార్చినా వాటికి అందదు.

దీనికోసం యాప్ మొత్తం, సర్వర్‌లనే పేజీ తయారుచేసే నెక్స్ట్‌జేఎస్‌కు మార్చుడు దండగ. బిల్డ్ అయినంక నడిచే చిన్న నోడ్ స్క్రిప్ట్ చాలు: బిల్డ్ ఫైళ్లు పడే డిస్ట్ ఫోల్డర్‌ల ఇండెక్స్ ఫైల్ చదివి, ఒక్కో చీరకు టైటిల్, వివరణ, ఇమేజ్, యూఆర్ఎల్ నింపి, ఆ చీర పేరు మీద ఫోల్డర్ చేసి అందుల ఇండెక్స్‌గ రాయాలె. పాత ఓజీ ట్యాగులు తీసెయ్యి, లేకుంటే రెండేసి పడ్తయి. వివరణల డబుల్ కోట్లు ఉంటే ఎస్కేప్ చెయ్యి, అంటే వాటి కోడ్ గుర్తుగ మార్చు. చీర వివరణల "కుట్టు" అంచు అని కోట్లల్ల ఉన్నదనుకో, ట్యాగ్ ఆడికే తెగి మిగిలింది పోతది. హోస్టింగ్‌ల అన్నీ ఇండెక్స్‌కు మళ్లించే రూల్ ఉంటే, ఫైల్ ఉందా అని ముందు చూసినంకనే మళ్లించేటట్టు ఉండాలె.

స్టాక్ గంటగంటకు మారుతదంటే అప్పుడు సర్వర్ రెండరింగ్ (అడిగినప్పుడల్లా సర్వరే పేజీ తయారుచేసుడు) ఆలోచించు.

తుంగభద్ర:
ట్యాగ్ సరిచేసినా బొమ్మ రాకపోవచ్చు. ఓజీ ఇమేజ్‌కు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి అడ్రస్ ఇయ్యాలె, స్లాష్‌తో మొదలైతే కుదరది. సైజు 1200 × 630, జేపెగ్, 600 కేబీ లోపల. ఫోన్‌ల దీసిన 4 ఎంబీ ఫొటో అట్లనే పెట్టకు.

ఇంకోటి, నిలువు ఫొటోను 630 ఎత్తుకు కత్తిరిస్తే అంచు పోయి వట్టి ఒళ్లే మిగుల్తది. గద్వాల చీరకు అంచు, కొంగు పోతే ఇంకేమున్నది? మడత పెట్టి అడ్డంగ తీసి, రెండూ నడిమిట్ల పడేటట్టు చూడు. కొన్నిసార్లు ప్రివ్యూ చిన్న చదరంగ వస్తది, అప్పుడు పక్కలు కూడా తెగుతయి.

పాలమూరు డెవ్:
స్క్రిప్ట్ పనిజేసింది. ఫొటో మీద పేరు, ధర తెలుగుల వేద్దామని సటోరి (హెచ్‌టీఎంఎల్ డిజైన్‌ను బొమ్మగ మార్చే లైబ్రరీ) వాడిన. "గద్వాల" అని ఇస్తే ద కింద వ వత్తు పడ్తలేదు, పొల్లు పెట్టిన ద్ ఒకదిక్కు, వా ఒకదిక్కు వస్తున్నయి. ఫాంట్ మార్చాల్నా?

నీలగిరి:
ఫాంట్‌ది తప్పు కాదు. వత్తులు కూర్చే షేపింగ్ సటోరిల తెలుగుకు సరిగ లేదు, ఏ ఫాంట్ పెట్టినా గంతే. అదే డిజైన్ హెచ్‌టీఎంఎల్‌ల రాసి, బిల్డ్ టైంల, బ్రౌజర్‌ను స్క్రిప్ట్‌తో నడిపే ప్లేరైట్‌తో 1200 × 630 స్క్రీన్‌షాట్ తీయి. అది నడిపే క్రోమియం బ్రౌజర్ వత్తులు మంచిగ కూరుస్తది. బిల్డ్ మిషన్ లినక్స్ అయితే నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఎక్కించు, లేకుంటే డబ్బాలే వస్తయి.

ధర బొమ్మ మీద వద్దు. రేటు మారినా పాత బొమ్మనే తిరుగుతది.

తుంగభద్ర:
అవును. వాట్సాప్ ప్రివ్యూ తయారయ్యేది పంపేటోళ్ల ఫోన్లనే, పోయిన మెసేజ్‌ల ఉన్నది మళ్ల మారది. లింక్ పెట్టంగనే సెండ్ కొడితే ప్రివ్యూ రాకుండనే పోతది, జర ఆగాలె. పాతదే వస్తుంటే లింక్ చివర ప్రశ్న గుర్తు, వీ ఈక్వల్స్ 2 (?v=2) కలిపి పంపి చూడు. ఫేస్‌బుక్‌ల ఈ ఉపాయం నడవది, అది ఓజీ యూఆర్ఎల్‌ల ఉన్న అసలు అడ్రస్‌నే పట్టుకుంటది. ఆడ షేరింగ్ డీబగ్గర్‌ల లింక్ పెట్టి స్క్రేప్ అగైన్ నొక్కాలె.