ఎర్ర నేల పైపొర గట్టిపడి బెండ మొలకలు బయటికి రావడం లేదు

విశాఖపట్నం దగ్గర ఆనందపురం వైపున్న మా సెంటు స్థలంలో తొలిసారిగా కూరగాయలు పెంచుతున్నాను. నేల ఎర్ర నేల. మే నెలలో గునపంతో అడుగు లోతు తవ్వి, బెడ్డలు చితక్కొట్టి, పది తట్టల చివికిన పశువుల గెత్తం కలిపి, పారతో బోదెలు తీశాను.

జూన్ 18న బెండ విత్తనాలను రాత్రంతా నానబెట్టి, 60 సెంటీమీటర్ల ఎడం గల బోదెలపై 30 సెంటీమీటర్లకొక పాదులో రెండేసి చొప్పున, రెండు సెంటీమీటర్ల లోతున నాటాను. మర్నాడు పెద్ద వాన కురిసి, ఆ తరువాత మూడు రోజులు ఎండ కాయడంతో పైపొర పెంకులా బిగుసుకుపోయింది. పది రోజులకు 200 పాదుల్లో 46 మాత్రమే మొలిచాయి. మిగిలినవి తవ్వి చూస్తే విత్తనం మొలకెత్తింది గానీ, మొలక పెంకు కిందే వంగి పసుపుపచ్చగా ఉంది. విత్తనం నాసిరకమేమోనని తడిగుడ్డలో 20 గింజలు కట్టి చూశాను, నాలుగు రోజులకు 17 మొలిచాయి.

జూలై 2న ఖాళీ పాదుల్లో మళ్లీ నాటి రోజూ పలుచగా నీళ్లు చల్లినా, ఎండకు పెంకు మళ్లీ కట్టింది. వేళ్లతో చిదిపితే లేత మొలకలు విరిగిపోయాయి, అది చూసి చాలా బాధ కలిగింది.

మూడోసారి నాటేటప్పుడు విత్తనంపై ఈ మట్టికి బదులుగా ఇసుక, వర్మీకంపోస్టు, ఎండుగడ్డి వీటిలో దేనిని, ఎంత మందాన కప్పితే మొలక సులభంగా బయటికి వస్తుంది?