ఫోటోలో దాచిన తెలుగు మెసేజ్ తిరిగి రావట్లేదు

పెదవాల్తేరు కుర్రాడు:
మా చెల్లి పుట్టినరోజుకి నిధివేట ఆట పెడుతున్నాను. క్లూలన్నీ ఫోటోల్లో దాచాలని ప్లాన్. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ముందు తీసిన ఫోటోని 1024×768కి తగ్గించి, పీఎన్‌జీగా (ఏ వివరమూ పోని ఫార్మాట్) సేవ్ చేసి, ప్రతి చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో (0 నుంచి 255) కంటికి తేడా తెలియని చివరి బిట్ మార్చేలా పైథాన్‌లో కోడ్ రాశాను. ఇంగ్లీషు క్లూ చక్కగా బయటికొస్తోంది. "శివపార్వతుల విగ్రహాల వెనక చూడు" అని తెలుగులో పెడితే మాత్రం అన్నీ పిచ్చి గుర్తులే. పైగా చాట్ యాప్‌లో ఫ్రెండ్‌కి పంపి చూస్తే, ఇంగ్లీషుది కూడా మాయం! ఆదివారమే పుట్టినరోజు, టెన్షన్‌గా ఉంది.

గాజువాక పైథాన్:
గురూ, ఈ రెండింటికీ సంబంధం లేదు. కోడ్ చూపించలేదు గానీ, అక్షరానికి 8 బిట్లు అని రాసుంటావు. ఇంగ్లీషుకి అవి చాలు. తెలుగు 'వ'కి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక) సంఖ్య 3125, బైనరీలో 12 అంకెలు. లోపలికి 12 పంపి, బయటికి ఎనిమిదేసి చొప్పున కోస్తే ఏం మిగుల్తుంది? వాక్యాన్ని ముందు యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా (8 బిట్ల ముక్కలుగా) మార్చి వాటిని దాచు, తీశాక డీకోడ్ చెయ్యి. 'వి'లో వకి 3 బైట్లు, గుడికి 3. చోటుకి బెంగ లేదు, నీ ఫోటోలో 2,94,912 బైట్లు పడతాయి. ఇంటిల్లిపాది జాతకాలూ పెట్టుకోవచ్చు.

ఇక యాప్. ఫోటోగా పంపితే జేపీఈజీగా కుదించేస్తుంది. కంటికి ఆనని తేడాలే అది ముందు పారేస్తుంది, నువ్వు దాచింది సరిగ్గా వాటిలోనే. డాక్యుమెంట్‌గా పంపు, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఎంవీపీ మేడమ్:
ఆ ఫోటో మిట్టమధ్యాహ్నం తీసిందా? అయితే సబ్‌మెరైన్ వెనక ఆకాశం తెల్లగా మండిపోయి అంతా 255 ఉంటుంది, అంటే చివరి బిట్లన్నీ ఒకటే. చివరి బిట్లని మాత్రమే బొమ్మగా వేసి చూస్తే, క్లూ దాచిన మేర అక్కడ ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. 1999లోనే వెస్ట్‌ఫెల్డ్, ఫిట్జ్‌మన్ అనే పరిశోధకులు ఇలా చూపుతోనూ, లెక్కలతోనూ పట్టుకోవచ్చని చూపించారు. ఫిషింగ్ హార్బర్‌లో వలల కుప్పలు తియ్యి బాబూ, ఆ గజిబిజిలో పట్టడం కష్టం.

గాజువాక పైథాన్:
చెల్లి పుట్టినరోజుకి అంత అవసరమా మేడమ్?

పెదవాల్తేరు కుర్రాడు:
అవసరమే అన్నా, తను సీఎస్‌ఈ సెకండియర్. ఫోటోల్లో దాచినవి వెతికే జీస్టెగ్ లాంటి టూల్స్ తన లాప్‌టాప్‌లో ఎప్పుడూ ఉంటాయి, నిమిషంలో పీకేస్తుంది. యూటీఎఫ్-8 మాత్రం పనిచేసింది, థాంక్స్!

ఎంవీపీ మేడమ్:
అయితే క్లూని ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ బైట్లని దాచు. దొరికినా చదవలేదు. పాస్‌వర్డ్ కేక్ డబ్బా అడుగున రాసిపెట్టు, కేక్ కోసేదాకా ఆగుతుంది.