ట్రాన్సిట్ కాలం శాట్‌నావ్ రిసీవర్లు వాడినవాళ్లున్నారా?

పాతదిక్సూచి: పడవ కొంటే దాంతో పాటు ఒక పాత ట్రాన్సిట్ రిసీవర్ వచ్చింది, జీపీఎస్‌కి ముందు శాటిలైట్లతో పొజిషన్ చెప్పిన వ్యవస్థది. ఆన్ చేస్తే అంకెలు వెలుగుతున్నాయి. ఇప్పుడు పొజిషన్ ఇస్తుందా? యాంటెనా కేబుల్ ఏది వేయాలి? అప్పట్లో ఫిక్స్ (అది లెక్కగట్టిన పొజిషన్) ఎంత కరెక్టుగా ఉండేది?

సెకండ్‌మేట్: ఇవ్వదు. 1996 చివర్లోనే ఆ సర్వీసు ఆపేశారు. అయినా పనిచేసిన రోజుల్లో మాత్రం ఏం సుఖం? ఒక ఫిక్స్ వచ్చాక ఇంకోదానికి గంటన్నర, భూమధ్యరేఖ దగ్గరైతే ఇంకా ఎక్కువసేపు కాచుకుని కూర్చోవాలి. తీరా శాటిలైట్ వస్తే, మరీ నడినెత్తి మీదుగా పోయిందని మిషనే ఆ పాస్‌ని (శాటిలైట్ ఒకసారి మీదుగా పోవడాన్ని) పక్కన పడేసేది. ఒళ్లు మండిపోయేది.

తెరచాప: మాది ఏకంగా మైలు తప్పు చూపించింది. చెత్త డబ్బా.

రేడియోగది: డబ్బాని తిట్టే ముందు అందులో పడవ స్పీడ్ ఎంత కొట్టారో చెప్పండి. అది డాప్లర్ మీద, అంటే శాటిలైట్ కదలికతో సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మారడం మీద నడిచే లెక్క, పడవ కదలిక కూడా అందులో కలుస్తుంది. ఒక నాట్ (గంటకి ఒక సముద్ర మైలు) తప్పు ఇస్తే దాదాపు పావు మైలు పోతుంది. నేను ఇవే రిపేర్ చేసి బతికాను, నాకు చెప్పకండి.

తెరచాప: లాగ్‌లో (పడవ వేగం కొలిచే మీటర్లో) ఉన్నదే కొట్టాను సార్.

రేడియోగది: లాగ్ చూపేది నీటిలో వేగం. ప్రవాహం ఎవరు కలుపుతారు?

సెకండ్‌మేట్: పావు మైలుకీ మైలుకీ తేడా లేదా? నాలుగు నాట్ల ప్రవాహం ఉందంటారా? చార్టు డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం) వేరై ఉంటుంది. రిసీవరేమో డబ్ల్యూజీఎస్ 72 అనే డేటమ్ లెక్కలో ఇచ్చేది, చార్టు ఎప్పటి సర్వేదో.

రేడియోగది: డేటమ్ నాకు నేర్పుతున్నారా? ఆ రోజుల్లో మీరు బ్రిడ్జి మీద (ఓడ నడిపే గదిలో) టీ తాగుతుంటే నేను ట్రాన్సిట్ సిగ్నల్ పట్టే 400 మెగాహెర్ట్జ్ బోర్డు ముందేసుకుని కూర్చున్నాను.

తెరచాప: ఇద్దరూ కొట్టుకోండి, నేను సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ చూసి పొజిషన్ కట్టే సెక్స్టెంట్‌కే ఓటేస్తా.

లంగరు: కేబుల్ అంటే గుర్తొచ్చింది, 1995లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ అమెరికాలో నాంటకెట్ దీవి దగ్గర మేట ఎక్కింది కదా, అది జీపీఎస్ యాంటెనా కేబుల్ ఊడిపోవడం వల్లే. సెట్టు చడీచప్పుడు లేకుండా డెడ్ రెకనింగ్‌లోకి (వేగం, దిశ బట్టి పొజిషన్ అంచనా వేయడంలోకి) జారిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఓడ అనుకున్న చోటుకి 17 మైళ్ల దూరంలో ఉంది.

పాతదిక్సూచి: అది జీపీఎస్ కదండీ, నేనడిగింది ట్రాన్సిట్ కేబుల్...

లంగరు: జీపీఎస్ అంటే ఇంకోటి. జీపీఎస్ తేదీ కోసం పంపే వారాల లెక్క 1999 ఆగస్టు 22న 1023 దాటి సున్నాకి తిరిగినప్పుడు నా పాత సెట్టు తేదీ 1980 జనవరికి పోయింది. ఇంకెవరికైనా అయిందా?