తెరచాప స్లైడ్లకు షాకిలా, పట్టీనా?

తిరుపతి నుంచి అడుగుతున్నా. తడ దగ్గర పులికాట్ ఒడ్డున మా బావకూ నాకూ కలిపి పద్నాలుగు అడుగుల పాత తెరచాప పడవ ఉంది. మెయిన్‌సెయిల్‌ను, అంటే పెద్ద చాపను, మాస్ట్ (చాప కొయ్య) గాడిలో పైకీ కిందకీ జారే నైలాన్ స్లైడ్లకు ప్లాస్టిక్ షాకిళ్లతో (U ఆకారపు కొక్కేలతో) తగిలించారు. పోయిన ఆదివారం గాలి పెరగ్గానే పైనున్నది టప్‌మని విరిగింది, వెంటనే ఇంకో రెండు. ముక్కను వేళ్లతో నలిపితే మారీ బిస్కెట్‌లా పొడైంది. స్టీలువి వేద్దామంటాడు బావ. నాకెందుకో మనసొప్పడం లేదు.

పాత సరంగు: ఎండకు పెళుసెక్కాయి, అంతే. స్టీలు షాకిల్ విరగదు గానీ స్లైడ్ చెవినీ, చాప అంచు తాడునూ అరగదీస్తుంది. వేస్తే అంచుకు ప్లాస్టిక్ తొడుగు పెట్టాలి. నేనైతే అర అంగుళం పాలిస్టర్ పట్టీ కుడతా. స్లైడ్ చెవిలోంచి, చాప ఐలెట్‌లోంచి (అంచున ఉండే కన్నంలోంచి) మూడు చుట్లు తిప్పి, మైనం పట్టించిన దారంతో చేత్తో కుట్టాలి. మరీ బిగించొద్దు, స్లైడ్ కాస్త తిరగాలి. లేకపోతే చాప దించేటప్పుడు గాడిలో ఇరుక్కుని ప్రాణం తీస్తుంది. అన్నిటికంటే పైన, చాప ముడుచుకోకుండా దూర్చే బద్దల దగ్గర లాగుడు ఎక్కువ, అక్కడ ఇంకో చుట్టు.

చిత్తూరు చిన్నోడు: సన్న తాడు నాలుగు చుట్లు చుట్టి కట్టినా చాలన్నా. తెగితే పడవలోనే మార్చుకోవచ్చు. డైనీమా (నున్నటి సింథటిక్ తాడు) అయితే జారుతుంది, ముడి చూసుకో.

అడిగినాయన: పట్టీకే ఓటు. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర మైనం దారం, లావు సూది దొరికాయి. ఒక స్లైడ్‌కే నలభై నిమిషాలు పట్టింది, వేలికి రెండు పోట్లు. ఇంకా పది ఉన్నాయి. బావను కూర్చోబెడతా.