3018 మిల్లుకి అలైన్‌మెంట్ కెమెరా: రెండో వైపు బిట్ 0.2–0.3 మి.మీ. పక్కన దిగుతోంది

రాగిపలక:
నమస్తే. మెషీన్ 3018 రకం చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో కదిలి చెక్కే మిల్లు), బిట్‌ని తిప్పే స్పిండిల్ 775 మోటారు, కదలికలు నడిపే జీఆర్‌బీఎల్ 1.1 బోర్డు, కంప్యూటర్ నుంచి దానికి ఆదేశాలు పంపే బీసీఎన్‌సీ సాఫ్ట్‌వేర్. పని రెండు వైపులా రాగి ఉన్న 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 (ఫైబర్‌గ్లాస్) పలకల మీద పీసీబీలు (సర్క్యూట్ బోర్డులు) చెక్కడం. పలక తిరగేశాక రెండో వైపు సరిపెట్టడానికి 7 మి.మీ. యూఎస్‌బీ ఎండోస్కోప్ కెమెరాని, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన క్లాంపులో పెట్టి స్పిండిల్ మోటారుకే బిగించాను. తెర మీద క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం, నిలువు గీతల కూడలి) సరిపెట్టడానికి వేసిన రంధ్రానికి సరిగ్గా నడుమ కనిపిస్తోంది. స్పిండిల్‌ని అక్కడికి పంపితే మాత్రం బిట్ 0.2 నుంచి 0.3 మి.మీ. పక్కన దిగుతోంది. తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు, కింద వేసే ఎండీఎఫ్ చెక్క ముక్క మందం మారితే అదీ మారుతోంది. వయా (రెండు వైపుల రాగినీ కలిపే) రంధ్రం 0.8, దాని చుట్టూ రాగి ప్యాడ్ 1.6 మి.మీ. కాబట్టి 0.1 లోపు వస్తే చాలు. కెమెరా మార్చాలా, బిగింపు మార్చాలా, లేక ఆఫ్‌సెట్ (కెమెరాకీ స్పిండిల్‌కీ మధ్య ఎడం) కొలిచే పద్ధతిలోనే తప్పుందా?

గ్రబ్‌స్క్రూ:
ఎండీఎఫ్ మందంతో తేడా మారుతోందని మీరే రాశారు, అసలు కారణం అక్కడే ఉంది. కెమెరా చూపు జడ్ (పైకీ కిందికీ) కదలికకి సమాంతరంగా లేదు. వాలు 1 డిగ్రీ ఉంటే, కెమెరాకీ పలకకీ మధ్య దూరం 10 మి.మీ. మారినప్పుడు క్రాస్‌హెయిర్ చూపించే చోటు 0.17 మి.మీ. జరుగుతుంది. ఎండోస్కోప్ గొట్టాన్ని మట్టం పెట్టి నిలువుగా బిగించినా లాభం ఉండదు, ఎందుకంటే లోపలి లెన్సు గొట్టంతో సూటిగా ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా ఈ చిన్న లెన్సులకి ఫోకస్ లోతు ఎక్కువ. ఎత్తు కొన్ని మి.మీ. మారినా బొమ్మ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి ఎత్తు మారిందన్న సంగతే కంటికి తెలియదు.

పరీక్ష తేలిక. బెడ్ మీద కాగితం అంటించి సన్నని చుక్క పెట్టండి. క్రాస్‌హెయిర్‌ని చుక్క మీదికి తెచ్చి, జడ్‌ని మాత్రమే 10 మి.మీ. పైకి, కిందికి కదపండి. చుక్క గీతల కూడలి వదిలి పక్కకి పోతే అదే వాలు.

బిగింపు మార్చేయండి. 775 మోటారు ఎక్కువసేపు తిరిగితే బాగా వేడెక్కుతుంది, పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పొద్దున కొలిచిన ఆఫ్‌సెట్ సాయంత్రానికి నిలవదు. మోటారుని వదిలేసి, జడ్ ప్లేటుకి 6 మి.మీ. మందం అల్యూమినియం యాంగిల్ రెండు ఎం4 బోల్టులతో పట్టించండి. దానికి ఒక దిమ్మె బిగించి 11 మి.మీ. రంధ్రం వేయండి. ఎండోస్కోప్‌ని 7 మి.మీ. లోపలి వ్యాసం, 9 మి.మీ. బయటి వ్యాసం ఉన్న ఇత్తడి గొట్టంలో దూర్చి, ఆ గొట్టాన్ని దిమ్మెలో రెండు వరసల ఎం3 గ్రబ్ స్క్రూలతో (తల లేని మరలు) పట్టాలి. వరసకి మూడు, వరసల మధ్య 20 మి.మీ. ఎడం. ఎం3 మర పిచ్ 0.5 కాబట్టి పావు చుట్టుకి 0.125 మి.మీ., అంటే 20 మి.మీ. ఎడానికి సుమారు 0.36 డిగ్రీ. ఒక స్క్రూ వదులు చేశాకే ఎదుటివి బిగించండి. ఇత్తడి గొట్టం లేకుండా నేరుగా బిగిస్తే ఎండోస్కోప్ పల్చటి తొడుగు నొక్కుకుపోతుంది.

సూదిమొన:
గ్రబ్‌స్క్రూ గారు చెప్పిన బిగింపు మంచిదే. వాలుకి మాత్రం ఇంకా తేలికైన దారి ఉంది. జడ్ కదిలినప్పుడు తెర మీద అన్నీ ఒక బిందువు నుంచి బయటికి విచ్చుకుంటున్నట్టు కనిపిస్తాయి. ఆ ఒక్క బిందువు మాత్రం కదలదు. జడ్‌కి సమాంతరంగా లెన్సు గుండా పోయే గీత ఎప్పుడూ ఆ పిక్సెల్ మీదే పడుతుంది. క్రాస్‌హెయిర్‌ని తెర మధ్య నుంచి జరపనిచ్చే సాఫ్ట్‌వేర్ అయితే, దాన్ని తీసుకెళ్లి ఆ బిందువు మీద పెట్టండి. కెమెరా 2 డిగ్రీలు వాలి ఉన్నా ఎత్తుతో వచ్చే తేడా పోతుంది. వాలు మరీ ఎక్కువైతే ఆ బిందువు తెర అంచుకి, లేదా తెర బయటికే వెళ్లిపోతుంది. అప్పుడు గ్రబ్ స్క్రూలు తప్పవు.

క్రాస్‌హెయిర్ జరగని సాఫ్ట్‌వేర్ అయితే ఎత్తునే మారనివ్వకండి. 30 మి.మీ. అక్రిలిక్ ముక్క ఒకటి దగ్గర ఉంచుకుని, చూసే ముందు ప్రతిసారీ కెమెరా మూతికీ పలకకీ మధ్య పెట్టి ఎత్తు సరిచూడండి. బిట్ మార్చినప్పుడు జడ్ సున్నా మారుతుంది కాబట్టి జడ్ అంకెని నమ్మి ఎత్తు పెట్టకూడదు.

బ్యాక్‌లాష్:
ఆఫ్‌సెట్ కొలవడం గురించి. ఆపి ఉన్న బిట్‌ని నొక్కి గాటు పెడితే, తిరిగేటప్పుడు మొన పక్కకి కొట్టుకునే తేడా అంతా ఆ గాటులోకి వచ్చేస్తుంది. బిట్‌ని పట్టుకునే చవక కోలెట్లలో అది తక్కువేమీ కాదు. అక్రిలిక్ వృథా ముక్క బెడ్‌కి గట్టిగా పట్టించి, స్పిండిల్ తిరుగుతుండగా మొనదేలిన వీ బిట్‌ని 0.2 మి.మీ. దించండి. అప్పుడు గాటు నడిమి స్పిండిల్ అక్షం మీదే ఉంటుంది. అక్కడ ఎక్స్, వై సున్నా చేయండి. తర్వాత కెమెరాని గాటు మీదికి తెచ్చి తెరలో అంకెలు చదవండి.

ఉదాహరణకి ఎక్స్ -42.30, వై 8.15 వచ్చాయనుకుందాం. ఇక పలక మీద ఏ రంధ్రం సున్నా కావాలో దాని మీద క్రాస్‌హెయిర్ పెట్టి, ఇవే అంకెలు, ఇవే గుర్తులతో జి10 ఎల్20 పి1 ఎక్స్-42.30 వై8.15 అనే ఆదేశం (ఇప్పుడున్న చోటికి ఆ అంకెలు పెట్టేది) ఇవ్వండి. ఆ తర్వాత జి0 ఎక్స్0 వై0 ఇస్తే స్పిండిల్ రంధ్రం మీదికి వస్తుంది. గుర్తు తిరగేసి ఇస్తే ఎక్స్‌లోనే 84.60 దూరం పోతుంది, అందుకని మొదటిసారి జడ్ బాగా ఎత్తి ఉంచండి. బీసీఎన్‌సీ కెమెరా విభాగంలో స్పిండిల్, కెమెరా చోట్లు వరసగా నమోదు చేస్తే ఈ లెక్క అదే చేసుకుంటుంది.

రాగిపలక గారూ, మీ తేడాలో కొంత భాగం అక్షాల స్క్రూ మీద కదిలే నట్టు లూజుదీ అయ్యుండొచ్చు. గాటు మీదికైనా, రంధ్రం మీదికైనా చివరి 1 మి.మీ. ఎప్పుడూ ఎడమ నుంచీ, ముందు నుంచీ రండి. దాటిపోతే వెనక్కి జాగ్ చేసి (బటన్లతో కొంచెం కదిపి) సరిపెట్టకుండా, 1 మి.మీ. వెనక్కి పోయి మళ్లీ రండి. ఇక కెమెరా తిరిగి ఉందేమో కూడా చూడండి. ఎక్స్ మాత్రమే కదిపితే చుక్క అడ్డగీత వెంటే పోవాలి.

రాగిపలక:
పరీక్ష చేశాను, జడ్ 10 మి.మీ. ఎత్తితే చుక్క సుమారు 0.2 మి.మీ. జరుగుతోంది. వాలు ఉన్నట్టే. ఇంకో రెండు సందేహాలు. రాగి మీద ఎల్ఈడీ మెరుపుకి రంధ్రం అంచు సరిగ్గా తెలియడం లేదు. స్పిండిల్ ఆన్ చేయగానే ఒక్కోసారి కెమెరా బొమ్మ ఆగిపోతోంది. పలక కొంచెం వంకరగా కూర్చుంటే ఎన్ని రంధ్రాలు చూసుకోవాలి?

సూదిమొన:
మెరుపుకి ముందు ఎల్ఈడీలు బాగా తగ్గించి, కెమెరా మూతి చుట్టూ ట్రేసింగ్ పేపర్ ఉంగరంలా చుట్టండి. రంధ్రం చుట్టూ నల్ల మార్కర్ పూసి, పలక మొత్తం కిందా తెల్ల కాగితం పరవండి. నలుపులో తెల్లటి గుండ్రం తేటగా కనబడుతుంది. కాగితాన్ని రంధ్రం కిందే చిన్న ముక్కగా పెడితే పలక ఆ మూల లేచి చెక్కే లోతు మారిపోతుంది.

బొమ్మ ఆగిపోవడం బ్రష్ మోటారు నిప్పురవ్వల వల్ల. మోటారు రెండు టెర్మినళ్ల మధ్య 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ టంకం పెట్టండి. కెమెరా కేబుల్‌ని మోటారు తీగలతో కలిపి ఒకే గొలుసులో నడపొద్దు, దానికి ఫెర్రైట్ (విద్యుత్ అలజడి తగ్గించే ఉంగరం) కూడా వేయండి. కెమెరానీ కంట్రోలర్నీ ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెట్టకండి. హబ్ రీసెట్ అయితే బొమ్మతో పాటు నడుస్తున్న జాబ్ కూడా ఆగిపోతుంది.

బ్యాక్‌లాష్:
వంకరకి కనీసం రెండు రంధ్రాలు కావాలి. వాటిని వీలైనంత దూరంగా, ఎదురెదురు మూలల్లో వేయండి. 20 మి.మీ. ఎడంలో ఉన్న రంధ్రాల్లో ఒకటి 0.05 తప్పుగా చూస్తే, 80 మి.మీ. దూరంలో అది 0.2 అవుతుంది. జీఆర్‌బీఎల్ 1.1లో జి68 (అక్షాలు తిప్పే ఆదేశం) లేదు కాబట్టి తిప్పే పని సాఫ్ట్‌వేర్‌దే. బీసీఎన్‌సీ ఓరియెంట్ విభాగంలో ఫైల్లోని బిందువుకీ మెషీన్ మీది బిందువుకీ జత కట్టిస్తే జి-కోడ్‌నే (మెషీన్ ఆదేశాల ఫైలునే) తిప్పి ఇస్తుంది. నాలుగు మూలలూ ఇస్తే సగటున సరిపెట్టి, మిగిలిన తప్పు ఎంతో కూడా చూపిస్తుంది. అది 0.1 దాటితే చెక్కడం మొదలుపెట్టకుండా, ఎక్కువ తప్పు చూపిన రంధ్రాన్ని మళ్లీ చూడండి. రంధ్రం అంచున రాగి పొర లేచి ఉంటే క్రాస్‌హెయిర్ దాని వైపు జరిగిపోతుంది, కాబట్టి తిరగేసే ముందే 400 నంబరు గరుకు కాగితంతో ఒకసారి రుద్దేయండి.